తాలింఖానా కథలు – 7: గుదియ తిరిగి వచ్చిన దారి

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే తెల్లవారకముందే మామిడికాయల వాసన వీధుల్లోకి వచ్చేసేది. హమాలీలు లారీల నుంచి పెట్టెలు దించుతుంటే నేను నిలబడి చూసేవాణ్ణి. చేతుల బలంతో పెట్టె ఎత్తేవాడు వాళ్లలో ఒక్కడూ కనిపించేవాడు కాదు. పైనుంచి జారుతున్న పెట్టెను ఆ ఊపులోనే అందుకుని, మోకాళ్లు కాస్త వంచి, నడుము ఒక్క చుట్టు తిప్పేవారు. పెట్టె దానంతటదే వచ్చి భుజం మీద కూర్చునేది. 1986లో మొజంజాహీ మార్కెట్ నుంచి ఇక్కడికి తరలివచ్చిన ఆ మార్కెట్ 2021లో బాటసింగారం వెళ్లిపోయింది. అది ఉన్న చోట 20 ఎకరాల పైచిలుకు నేలలో టిమ్స్ ఆస్పత్రి కట్టడం మొదలైంది. మార్కెట్ వెంట వెళ్లకుండా కొత్తపేటలోనే ఆగిపోయిన ఒక పెద్దాయన దగ్గర ఆరు నెలలుగా నేను ముద్గరం తిప్పడం నేర్చుకుంటున్నాను. పడుచు వయసులో పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలీంలో మట్టి పూసుకున్న మనిషి. తర్వాత బతుకంతా పండ్ల పెట్టెలు మోశాడు. పత్రికలో పేరు వేయొద్దన్నాడు కనుక వస్తాదు అనే రాస్తాను.

గత వారం గోదా మట్టి సంగతి చెప్పుకున్నాం. ఎర్రమట్టిలో మజ్జిగ, నూనె, పసుపు, వేపాకు కలిపి దాన్ని ఎలా మెత్తబరుస్తారో చూశాం. ఈ వారం ఆ గోదా పక్కన గోడకు ఆనించి ఉండే కర్ర దగ్గరికి వద్దాం. అచ్చ తెలుగులో గుదియ, సంస్కృతంలో ముద్గరం, హైదరాబాదీ నోట ముగ్దర్. రెండు చేతులా రెండు పట్టి తిప్పితే జోడీ. దక్కనులో కొన్నిచోట్ల కరేలా అన్న పేరూ వినిపిస్తుంది. గద వేరు. దానికి సన్నటి పొడుగు కర్ర, కొసన గుండు ఉంటాయి. గుదియ అలా కాదు, అడుగున లావుగా మొదలై పిడి దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోయే ఒకే మొద్దు.

వస్తాదు నా చేతికిచ్చిన మొదటిది 3 కిలోలది, నల్లతుమ్మ చేవతో చేసింది. ఏళ్ల తరబడి చెమటా నూనే తాగి పిడి దగ్గర గేదె కొమ్ములా మెరుస్తోంది. పిడి చివర చిన్న బుడిపె ఉంది. అది లేకపోతే కర్ర ఏనాడో ఎవరి తలకో తగిలేది. తిప్పేటప్పుడు చిటికెన వేలు ఆ బుడిపె మీద ఆనాలి. 3 కిలోలే కదా అని తీసుకున్నాను. అంతకుముందు ఒక జిమ్‌లో బరువుల మీద బరువులు వేయించి నా కుడి భుజం పట్టేసేలా చేశారు. అక్కడ 10 కిలోల డంబెల్ ఎత్తినవాడికి ఇదెంత అనిపించింది. తల వెనక్కి వెళ్లీ వెళ్లకముందే కర్ర నా చేతిని తన వెంట లాక్కుపోయి వీపు మీద చరిచింది.

“గట్టిగ పట్టకు బిడ్డా. నువ్వు పిడికిలి బిగిస్తే అది నీతోని కొట్లాడతది. ఏడికి పోతదో పోనియ్యి, నువ్వు ఎంబడి పో,” అన్నాడు వస్తాదు.

ఈ కర్ర చరిత్రంతా తిరగేశాక ఇంతకన్నా మంచి పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు. అందులోని లెక్క చూడండి. డంబెల్ బరువు పిడికిలికి రెండువైపులా సమంగా ఉంటుంది. గుదియ బరువంతా పిడికిలికి మూరెడు అవతల ఉంటుంది. అడ్డంగా చాపి పట్టుకున్న గుదియను కిందికి జారనిచ్చామనుకోండి. బరువంతా కొసనే ఉందనుకుంటే, అది అడుగుకు వచ్చేసరికి తన బరువుకు మూడింతలతో చేతిని లాగుతుంది. అంటే 4 కిలోల కర్ర ఆ క్షణాన 12 కిలోలు. మరుక్షణం పైకి లేస్తూ తేలికవుతుంది. పైకొసకు చేరిందా, దాదాపు బరువే ఉండదు. ఇలా బరువు చుట్టు చుట్టుకూ మారుతుంటుంది కనుక ఇక్కడ కండ ఒక్కటే ఉంటే సరిపోదు, కాలం తెలియాలి. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో భుజానికి దానంతట దానికే తెలిసిరావాలి. లారీ దగ్గర హమాలీలు చేసింది ఇదే.

మన భాషలోనే ఈ విద్య ఆనవాళ్లున్నాయి. సాము అన్న మాట సంస్కృత శ్రమ నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. మల్లుల కసరత్తుకు ఆ పేరు ఎంత పాతదో తెలియాలంటే కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’ చూడాలి. అతని ఏలుబడి 1126 నుంచి 1138 వరకు. అప్పటికి మన కాకతీయులు ఆ చాళుక్యుల సామంతులే. రాజుకు తగిన వినోదాల్లో మల్లవినోదాన్ని చేర్చి, మల్లులు ఏం తినాలో, ఎలా సాధన చేయాలో ఆ గ్రంథంలో రాయించాడు. బరువులెత్తితే భారశ్రమ, ఈదితే సలిలశ్రమ, స్తంభం మీద చేసేది స్తంభశ్రమ. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఈ శ్రమే మన పల్లెల్లో కర్రసాములోని సాము. రాజాస్థానంలోని మాట అరిగి కరిగి అయినా రచ్చబండ దాకా వచ్చిందంటే, విద్య కూడా దాని వెంట వచ్చే ఉంటుందని నా నమ్మకం.

నాలుగు వందల ఏళ్లు ముందుకు జరుగుదాం. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు విజయనగరం వచ్చాడు. అతను శ్రీకృష్ణదేవరాయల పొద్దును రాసిపెట్టినంత దగ్గరగా మన కవులెవరూ రాయలేదు. తెల్లవారకముందే రాయలు అరలీటరుకు కాస్త తక్కువగా నువ్వుల నూనె తాగేవాడు. అదే నూనె ఒళ్లంతా పట్టించుకునేవాడు. చిన్న గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతుల్లోకి తీసుకునేవాడు. ఆ తర్వాత కత్తి పట్టి, పట్టించిన నూనెంతా చెమటై కారిపోయేదాకా సాధన చేసేవాడు. అదయ్యాక తన మల్లుల్లో ఒకడితో కుస్తీ, చివర తెల్లవారేదాకా గుర్రపు స్వారీ. ఆ రాజుది మధ్యస్థమైన ఎత్తు అనీ, సన్నం కన్నా లావు వైపే మొగ్గే ఒళ్లు అనీ, ముఖాన మశూచి మచ్చలున్నాయనీ కూడా పేస్ రాశాడు. సినిమాల్లో చూసిన రాయల కంటే ఈ నూనె కారే రాయలే నాకు ఆప్తుడనిపిస్తాడు. ‘ఆముక్తమాల్యద’ రాసిన చేతులే పొద్దున మట్టి బరువులు మోశాయి. బలం వేరు, చదువు వేరు అనే గోడ ఆయన కాలానికి ఇంకా లేవలేదు.

గోల్కొండ వచ్చేసరికి మాటలు మారాయి. కుతుబ్‌షాహీల కొలువుకు ఇరాన్ నుంచి పండితులూ, సైనికులూ వచ్చారు. మన హైదరాబాద్‌కు రూపం గీసినవాడిగా చెప్పుకునే మీర్ మోమిన్‌ది ఇరాన్‌లోని అస్తరాబాద్. ఇరాన్‌లో జోర్‌ఖానా అనే వ్యాయామశాలలున్నాయి. అక్కడ పల్లపు గుండంలో దిగి, డోలు దరువుకు మీల్ అనే జంట గుదియలు భుజాల మీదుగా తిప్పుతారు. ఆ సంప్రదాయాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గుదియ అటునుంచి ఇటొచ్చిందా, ఇటునుంచి అటెళ్లిందా అని తగవు పడనక్కర్లేదు. మాటల రాకపోకలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. పహిల్వాన్, కుస్తీ, ఉస్తాద్ మనకు అలా వచ్చినవే. ఉస్తాద్ తెలుగు నోట్లో పడి వస్తాదు అయ్యాడు. తాలీం అంటే అరబ్బీలో నేర్పడం, చదువు చెప్పడం. అంటే తాలింఖానా అచ్చంగా బడే. కండలు పెంచే కొట్టం అని కాకుండా చదువుల ఇల్లు అని దానికి పేరు పెట్టుకున్న మనుషుల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

కొత్తపేట మెట్రో దిగితే స్టేషన్ బోర్డు మీద విక్టోరియా మెమోరియల్ అని ఉంటుంది. విక్టోరియా రాణి పేరిట ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లో తన భవనాన్ని అనాథ పిల్లలకు ఇచ్చాడు. ఆ విక్టోరియా ఏలిన 1837–1901 మధ్యకాలంలోనే, అప్పటికే సముద్రం దాటిన మన గుదియ ఇంగ్లండులో ఇంటింటి కసరత్తు అయింది. కంపెనీ సిపాయిలు దీన్ని తిప్పుతుంటే చూసి ఇంగ్లీషు అధికారులు తమ దళాలకు నేర్పించారు. 1834లో డొనాల్డ్ వాకర్ లండన్‌లో అచ్చువేసిన మగవారి వ్యాయామాల పుస్తకంలో ఇండియన్ క్లబ్బుల పేరుతో ఈ గుదియలకు చోటు దొరికింది. ఆ వెంటనే ఆయన ఆడవాళ్ల కోసం ఇంకో పుస్తకం వేసి, అందులో తేలికపాటి గుదియలకు ఇండియన్ సెప్టర్ అని పేరు పెట్టాడు. సెప్టర్ అంటే రాజదండం. 1861లో లండన్‌లో హారిసన్ అనే ఆయన పెద్ద పెద్ద గుదియలు తిప్పుతుంటే చూసి సిమ్ కీహో అనే అమెరికన్ ముగ్ధుడైపోయాడు. న్యూయార్క్ వెళ్లి వాటిని తయారుచేసి అమ్మాడు. 1866లో పుస్తకమూ రాశాడు.

అక్కణ్నుంచి ఒలింపిక్స్‌కు ఎంతో దూరం లేదు. 1904 సెయింట్ లూయిస్‌లో, 1932 లాస్ ఏంజెలెస్‌లో గుదియ తిప్పడం పతకాల పోటీ. 1932లో స్వర్ణం గెలిచిన జార్జ్ రాత్ అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన మనిషి. పతకం మెడలో వేసుకుని స్టేడియం బయటికొచ్చి, దారిన పోయే బండ్లను ఆపి ఎక్కి ఇంటికి చేరాడు. ఆ కథ చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. మన సంగతి తలుచుకుంటే ఇంకా ఎక్కువ. అదే లాస్ ఏంజెలెస్‌లో మన హాకీ జట్టు అమెరికాను 24–1 తేడాతో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఇండియన్ క్లబ్ పేరుతో పుట్టిన ఆ పోటీలో మాత్రం ఒక్క భారతీయుడూ లేడు, పతకాలు గెలిచిన ముగ్గురూ అమెరికన్లే. తర్వాత ఆ పోటీయే ఎత్తేశారు. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో అమ్మాయిలు గాల్లోకి ఎగరేసి పట్టుకునే సన్నటి క్లబ్బులు ఆ గుదియకు మనవరాళ్లే.

ఇక్కడ మన కథ మలుపు తిరుగుతుంది. ఇంగ్లండు వెళ్లిన గుదియ అక్కడ సన్నబడి, తేలికై, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టే డ్రిల్లుగా మారి, స్కూలు పాఠమై మళ్లీ ఓడ దిగింది. మద్రాసు రాజధానిలో తెలుగు పిల్లలు తమ ఊరి చివర తాతలు తిప్పే కర్రనే ఇండియన్ క్లబ్ అనే ఇంగ్లీషు పేరుతో డ్రిల్లు మాస్టారి దగ్గర నేర్చుకున్నారు. ఊరి గోదా పాతదైపోయింది. బడి డ్రిల్లు గౌరవమైనదయింది. ఈ రెండు ధారలూ ఒకే ఒంట్లో కలిసిన తెలుగువాడు కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తిది వీరఘట్టం. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, మొన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది.  తల్లి లేని పిల్లవాణ్ణి విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి దగ్గరికి పంపారు. అక్కడ వ్యాయామశాలలో పడ్డాడు. దండీలు, బస్కీలు, కుస్తీ, అన్నిటికన్నా మిన్నగా ప్రాణాయామం. ఇదంతా పాత ధార. ఆ తర్వాత మద్రాసు సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొంది, తాను చదువుకున్న విజయనగరం హైస్కూలుకే డ్రిల్లు మాస్టారుగా తిరిగొచ్చాడు. ఇది కొత్త ధార.

రామమూర్తి కథ చెప్పేవాళ్లు చాలామంది ఈ భాగాన్ని రెండు ముక్కల్లో దాటేసి ఏనుగు దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఇదే అసలు ఘట్టం. సర్కసు పెట్టి, ఛాతీ మీద పలక వేయించుకుని ఏనుగును ఎక్కించుకున్న రామమూర్తి అందరికీ తెలుసు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పూరించి దాన్ని తెంచినవాడు, రెండు కార్లకు గొలుసులు కట్టి కదలకుండా ఆపినవాడు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. గొలుసు తెంచినప్పుడు పగిలింది ఇనుమే కావచ్చు, పనిచేసింది మాత్రం ఊపిరి. ఎంత పీల్చాలో, ఎక్కడ ఆపాలో, ఏ క్షణాన వదలాలో తెలిసిన ఊపిరి. వ్యాయామశాల ఆయనకు ఊపిరిని ఇచ్చింది. సైదాపేట దాన్ని నలుగురికీ అంచెలంచెలుగా నేర్పే పద్ధతిని ఇచ్చింది. సర్కసులో అన్ని వందల కళ్ల ముందు ఆయన చేసింది ఒక విధంగా పాఠమే. చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశాలో కన్నుమూశాడు. విశాఖ సముద్రతీరాన విగ్రహం ఉంది.

నిజాం ఏలుబడిలోని తెలంగాణలో ఈ విద్య దారి వేరు. హైదరాబాద్‌లో తాలీంలు బలంగా ఉండేవి. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులుండే బార్కాస్ ఈనాటికీ పహిల్వాన్ల పేట. ఆ పేట పేరు బారక్స్ నుంచి పుట్టిందే. 1930లలో ఆర్యసమాజం కుర్రాళ్లను కూడగట్టడానికి అఖాడాలనే ఆసరా చేసుకుంది. సర్కారు వాటిమీద కన్నేసి ఆంక్షలు పెట్టింది. 1938–39 సత్యాగ్రహం నాటి ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. పదిమంది కుర్రాళ్లు ఒకచోట చేరి కర్ర తిప్పితే దొరతనానికి గుబులు పుట్టిన కాలం అది. ఆ కథ పెద్దది, దానికి ఒక వారం వేరుగా కేటాయిస్తాను.

స్వాతంత్ర్యం వచ్చాక బడుల్లో ఇండియన్ క్లబ్బులూ, లేజిములూ, డంబెల్సూ జెండా పండగ నాడు బయటికొచ్చేవి. క్రమంగా అవి స్టోర్‌రూం పాలయ్యాయి. బడికి మైదానమే లేనప్పుడు క్లబ్బు ఎక్కడ తిప్పుతారు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు వెంబడి కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ నిండిపోయాయి. అక్కడ చదివే పిల్లలు చేతులు బారజాపి నిలబడేంత జాగా చూసుకోవాలంటే హాస్టల్ డాబా ఎక్కాల్సిందే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. 2000 తర్వాత అమెరికాలో ఈ కర్ర మూడోసారి పుట్టింది. ఈసారి ఉక్కుతో, స్టీల్ క్లబ్ అనే పేరుతో. అలా తిరిగొచ్చి మన జిమ్ముల్లో విదేశీ సరుకులా నిలబడింది. పేరేదైతేనేం, పిల్లల చేతికి మళ్లీ దొరికింది, దానికి సంతోషమే.

మా సాధన జరిగేది కూడా ఒక డాబా మీదే. పొద్దున ఐదున్నరకు మొదలు. ముందు కర్ర ముట్టుకోనివ్వడు. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, మడమలు నేలకు ఆనించి, ఖాళీ చేతులతో 20 చుట్లు. తర్వాత కర్ర అందుకుని గుండెకు ఎదురుగా నిలువునా పట్టుకోవాలి. మొన కాస్త పక్కకు వాల్చితే అదే పడడం మొదలెడుతుంది. పడుతున్నదాన్ని ఆపకుండా మోచేయి పైకెత్తి దారి ఇస్తే, భుజం మీదుగా వీపు వెనక్కి జారి, రెండో పక్క నుంచి తిరిగి గుండె ముందుకొచ్చి నిలబడుతుంది. అది ఒక చుట్టు. వెనక ఉన్నప్పుడు మోచేయి ఆకాశం వైపు చూడాలి. నడుము వెనక్కి విరగకూడదు. కర్ర వెనక్కి వెళ్తుంటే శ్వాస లోపలికి, ముందుకు వస్తుంటే బయటికి. కర్ర వీపుకు తగిలిందంటే మధ్యలో ఎక్కడో పిడికిలి బిగించినట్టే లెక్క. మొదటి నెలంతా నాకు 10 చుట్లు మించి వేయనివ్వలేదు. భుజం మోయడం మానేసి దారి ఇవ్వడం నేర్చుకునేదాకా లెక్క పెంచనన్నాడు. మూడో నెల చివర ఒకరోజు చొక్కా వేసుకుంటూ చూసుకుంటే, పట్టేసిన కుడి చేయి తల వెనక్కి నొప్పి లేకుండా వెళ్లింది. ఎప్పుడు వదిలిందో నాకే తెలియదు.

అదే డాబా మీదికి పై అంతస్తు హాస్టల్లో ఉండే ఒకమ్మాయి రోజూ పుస్తకం పట్టుకుని వచ్చేది. పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. నాలుగు రోజులు దూరంగా చూసింది. ఐదో రోజు, “తాతా, నేను కూడా తిప్పొచ్చా?” అని అడిగింది. వస్తాదు పాతబస్తీ తాలీంలో పెరిగిన మనిషి, అక్కడ ఆడపిల్లలు అడుగుపెట్టడం ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ఏమంటాడోనని నేను చూస్తున్నాను. ఆయన 2 కిలోల కర్ర ఏరి, పిడి మీది చెమటను తన తువ్వాలుతో తుడిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. తీసుకోగానే ఆమె వేళ్లు గట్టిగా ముడుచుకున్నాయి.

“గట్టిగ పట్టకు బిడ్డా,” అన్నాడు.

(వచ్చే వారం: అఖాడాల మీద నిజాం సర్కారు కన్ను)